గేమ్‌బాయ్ కోసం ఓ చిన్న పత్రిక

ఆ శనివారం డాలస్ శివారులోని మా ఊరి లైబ్రరీ మీటింగ్ రూంలో, బల్ల మీద మా పత్రిక రెండో సంచిక కట్టలు ఉన్నాయి. 32 పేజీలు, మధ్యలో రెండు పిన్నులు. ఇంకా ఇంకు వాసన పోలేదు. రాసినవాళ్లకు తలా నాలుగు కాపీలు పంచుతుంటే, అందరూ తమ పేరు ఎక్కడ పడిందా అని పేజీలు తిప్పుతున్నారు. హైస్కూల్లో చదివే ఒక అమ్మాయి మాత్రం తన వ్యాసం ఉన్న పేజీ తీసి, కాసేపు చూసి, నాలుగు కాపీలూ సర్ది మళ్లీ కట్ట మీద పెట్టేసింది. ‘థాంక్యూ’ అని చెప్పి వెళ్లిపోయింది. ఎందుకలా చేసిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ సంచికకు సంపాదకుణ్ని నేనే.

గేమ్‌బాయ్ అంటే తెలియనివారికి రెండు మాటలు. నింటెండో కంపెనీ 1989లో మొదట జపాన్‌లో, ఆ తర్వాత అదే ఏడాది అమెరికాలో విడుదల చేసిన చేతి వీడియో గేమ్ అది. రూపకర్త గున్‌పే యోకొయి. నాలుగు బ్యాటరీలు వేయాలి. పచ్చటి తెర మీద కనిపించేవి నాలుగే ఛాయలు. తెర వెనక లైటు కూడా ఉండదు. ఆ రోజుల్లోనే రంగుల తెరలతో పోటీ గేములు వచ్చాయి. అయినా ధర తక్కువ, బ్యాటరీ చాలాసేపు వస్తుంది, కింద పడేసినా పనిచేస్తుంది కాబట్టి ఇదే నిలిచింది. తర్వాత వచ్చిన గేమ్‌బాయ్ కలర్‌తో కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడైంది.

మా అబ్బాయికి పదకొండేళ్లప్పుడు ఒక గరాజ్ సేల్‌లో పది డాలర్లకు ఇది దొరికింది. పాత బ్యాటరీలు కారిపోయి లోపలి రేకులు చిలుం పట్టి ఉన్నాయి. ఎలా బాగుచేయాలా అని అడుగుతూ పోతే, నెలకోసారి లైబ్రరీలో కలిసే ఒక గుంపు తగిలింది. ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లో ముంచి రేకులు తుడవడం అక్కడే నేర్చుకున్నాం. ఏడాది తిరక్కుండానే మావాడికి మోజు తీరి బాస్కెట్‌బాల్ వైపు వెళ్లిపోయాడు. నేను మిగిలిపోయాను.

ఆ గుంపులో నైట్ డ్యూటీ చేసే ఒక నర్సు ఉన్నారు, పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు, ఒక లెక్కల టీచరు, ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు, నేను చెప్పిన అమ్మాయి. తెలుగువాణ్ని నేనొక్కణ్నే. కొందరు పాత గేములు రిపేరు చేస్తారు. కొందరు కార్ట్రిడ్జ్‌లు మార్చుకుంటారు. కాలేజీ కుర్రాళ్లయితే జీబీ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొత్త ఆటలే తయారుచేస్తారు. 2019లో అది వచ్చాక కోడ్ రాయడం రాకపోయినా గేమ్‌బాయ్‌కి ఆట చేయగలుగుతున్నారు. వీళ్లు ఒక్కొక్కరూ చెప్పే సంగతులు వింటుంటే, ఇవన్నీ ఎక్కడైనా రాసి పెడితే బాగుండు అనిపించింది. అలా మొదలైంది పత్రిక.

ఈ రోజుల్లో కాగితం మీద ఎందుకు అని మా ఇంట్లోనూ అడిగారు. ఈ ఆటల పత్రిక ‘నింటెండో పవర్’ 1988లో మొదలై 2012 డిసెంబరు సంచికతో ఆగిపోయింది. 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణంలో పాత గేమ్‌బాయ్ ఆటలు కొన్ని డబ్బులిచ్చి కొనుక్కునే వీలుండేది. 2023 మార్చి 27న అదీ మూతపడింది. అదే ఏడాది వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తీస్తే, అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు బజారులో దొరకడం లేదని తేలింది. ఆటల గతే అలా ఉంటే, వాటి గురించి మనుషులు చెప్పుకున్న కబుర్ల సంగతి చెప్పక్కర్లేదు. కాగితమైతే కనీసం ఎవరి అటక మీదైనా దొరుకుతుంది.

అభిమానులే పత్రిక వేసుకోవడం ఇక్కడ కొత్తేమీ కాదు. సైన్స్ ఫిక్షన్ పిచ్చి ఉన్నవాళ్లు 1930లోనే ‘ది కామెట్’ అని ఒకటి వేశారు. ‘ఫ్యాన్‌జైన్’ అనే మాట 1940లో పుట్టింది. మనకు మాత్రం కొత్తా? ఊళ్లలో లిఖిత పత్రికలు, హాస్టల్ మెట్ల దగ్గర గోడపత్రికలు చూసినవాళ్లమే కదా. ఇక్కడ తెలుగు సంఘాల ఉగాది సంచికకు పనిచేసిన వారికైతే నేను చెప్పబోయేవి సగం తెలిసే ఉంటాయి. ఒకటే తేడా, మా దాంట్లో మొదటి ఎనిమిది పేజీలూ ప్రముఖుల సందేశాలు ఉండవు.

పని మాత్రం తక్కువేం కాదు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. ఒక కాగితాన్ని మడిస్తే నాలుగు పేజీలవుతాయి కాబట్టి 29 పేజీల సరుకుంటే మూడు పేజీలు పుట్టించాలి, లేదా ఒకటి చంపాలి. బొమ్మలు ఇంకో తలనొప్పి. గేమ్‌బాయ్ తెర వెడల్పు 160 చుక్కలు, ఎత్తు 144. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఉన్నదున్నట్టు అచ్చువేస్తే తెర అంతా అర అంగుళం దాటి కాస్త వస్తుంది. పెద్దది చేద్దామని మామూలుగా లాగితే సాఫ్ట్‌వేర్ అంచులు నున్నగా చేసి మసక కొట్టేస్తుంది. ఆ నునుపు ఆప్షన్ తీసేసి సరిగ్గా ఆరు రెట్లకు పెంచితే 960 చుక్కలై, పేజీ మీద మూడు అంగుళాలకు పైగా వస్తుంది, ప్రతి గడీ విడివిడిగా కనిపిస్తుంది. ఆరున్నర రెట్లు పెంచారో, కొన్ని గడులు లావు, కొన్ని సన్నం. మొదటి సంచికలో ఇది తెలియక మారియో మొహం వంకర పోయింది. రంగుల విషయానికొస్తే, మానిటర్ మీద మెరిసిన ఆకుపచ్చ అచ్చులో నాచు రంగులో వచ్చింది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటరు నాలుగు ఇంకులు కలిపి చూపిస్తుంది, రెండూ ఒకటి కావు. ఇప్పుడు కట్ట మొత్తం వేయించే ముందు ఒక్క నమూనా కాపీ తెప్పించుకుంటున్నాం. డబ్బు ఖర్చే, కానీ ఆ నమూనా రెండుసార్లు మా పరువు కాపాడింది.

కాపీరైటు గురించి మా లెక్కల టీచరు మొదట్నుంచీ గట్టిగా ఉన్నారు. పాత్రలు, లోగోలు, డబ్బా మీది బొమ్మలు అన్నీ కంపెనీవి. ‘మనం లాభానికి చేయడం లేదుగా’ అనుకుంటే చాలదు. అమెరికా చట్టంలో ఫెయిర్ యూజ్ అవునా కాదా అని తేల్చడానికి చూసే నాలుగు విషయాల్లో ఒకదానిలో అది భాగం మాత్రమే. అందుకని అట్ట మీద లోగో వేయం. ‘అభిమానుల అనధికార పత్రిక’ అని స్పష్టంగా రాస్తాం. పాత మాన్యువల్ పేజీలు స్కాన్ చేసి పెట్టం, వ్యాసానికి అవసరమైన చోటే తెర బొమ్మలు వాడతాం. అట్ట బొమ్మ మాలో ఎవరో ఒకరు సొంతంగా గీస్తారు. ఇంకో సంగతి, ఇది చాలామంది మరిచిపోయేది: వ్యాసం మీద హక్కు రాసినవారిదే. పత్రికలో వేసుకున్నంత మాత్రాన మనది అయిపోదు. కంపెనీ హక్కుల గురించి అంత జాగ్రత్తపడ్డ నేను, ఈ రెండో సంగతి దగ్గరే తప్పు చేశాను.

మొదటి సంచిక ఉత్సాహం మీద గడిచిపోయింది. 20 పేజీలు, 60 కాపీలు. రెండోదానికి సంపాదకత్వం నా చేతికొచ్చింది. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ని, పద్ధతి అంటే నాకు ఒకటే తెలుసు. టాస్క్ బోర్డు పెట్టాను, గడువులు పెట్టాను, ఆదివారం రాత్రి ఎనిమిదింటికి స్టేటస్ కాల్ పెట్టాను. గడువు దాటినవాళ్ల పేరు పక్కన ఎర్ర గుర్తు పడేది. రెండు వారాల్లో పోస్టల్ పెద్దాయన కాల్‌కి రావడం మానేశారు. ‘ఇలాంటి గుర్తులు పెట్టించుకోకూడదనే కదయ్యా నేను రిటైరైంది’ అని తర్వాత నవ్వుతూ అన్నారు. నవ్వారు గానీ, ఆ సంచికకు ఒక్క అక్షరం రాయలేదు.

ఆ అమ్మాయి మాత్రం గడువుకి రెండు రోజుల ముందే పంపింది. పాత కార్ట్రిడ్జ్‌లు కొన్నింటిలో ఆడిన ఆట భద్రంగా ఉండటానికి నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఏళ్లు గడిచి అది అయిపోతే, దాచుకున్న ఆట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. వాళ్లన్నయ్య కాలేజీకి వెళ్తూ తన పోకెమాన్ కార్ట్రిడ్జ్ ఈ అమ్మాయికి ఇచ్చాడట. అందులో ఆటగాడి పేరు వాళ్లన్నయ్యదే. ఆ అమ్మాయి దాన్ని చెరిపి కొత్త ఆట మొదలుపెట్టలేదు. అప్పుడప్పుడు ఆన్ చేసి పేరు చూసి ఆపేసేది. ఒకరోజు ఆన్ చేస్తే పేరు లేదు. ఇదీ వ్యాసం. ఇంగ్లిష్ కాస్త తడబడుతుంది, విషయం అటూ ఇటూ పోతుంది, బ్యాటరీ మార్చడం గురించి చివర్లో రెండు పేరాలు మాత్రమే ఉంది.

నేనేం చేశానంటే, అన్నయ్య సంగతి నాలుగు లైన్లకు కుదించి, బ్యాటరీ ఎలా మార్చాలో విస్తరించి, టంకం పెట్టేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు చేర్చి, శుభ్రమైన ‘ఎలా చేయాలి’ వ్యాసంగా మార్చేశాను. పేజీకి సరిగ్గా సరిపోయింది కూడా. మార్చాక తనకు చూపించలేదు. ప్రింటర్ గడువు ముంచుకొచ్చిందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి చూపించాలన్న ఆలోచనే రాలేదు. పిల్లకు సాయం చేశాననే అనుకున్నాను.

ఇంటికొచ్చి, ఆ పిల్ల కాపీలు తీసుకోలేదు, ఈ తరానికి దేని మీదా పట్టింపు లేదు అని మా ఆవిడతో అన్నాను. తనూ సాఫ్ట్‌వేరే. రెండు వ్యాసాలూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. ‘మీ ఆఫీసులో ఎవరి కోడైనా నచ్చకపోతే రివ్యూలో కామెంట్ పెడతారు. అంతేగానీ మొత్తం తిరగరాసి, కింద వాళ్ల పేరే ఉంచి మెర్జ్ చేసేస్తారా?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

జీతం ఇచ్చే చోట ఒక పని చెడినా నెలాఖరుకి ఏదో ఒకటి చేతికొస్తుంది. ఇక్కడ వచ్చేదల్లా పేరు, దాని పైన తన మాట. నేను పేరు ఉంచి మాట తీసేశాను. మర్నాడు ఆ అమ్మాయికీ వాళ్లమ్మగారికీ కలిపి మెయిల్ రాశాను. తర్వాతి మీటింగ్‌కి వాళ్లిద్దరూ వస్తే ఎదురుగా కూర్చుని క్షమాపణ చెప్పాను. మూడో సంచికలో అసలు వ్యాసం ఉన్నదున్నట్టు వేస్తాం, ఎందుకు మళ్లీ వేస్తున్నామో కూడా రాస్తాం అన్నాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి వద్దంది. ‘అన్నయ్య చదివేశాడు. ఇది నువ్వు రాసినట్టు లేదే అన్నాడు. అసలుది నేనే వాడికి పంపించాను. ఇంక అవసరం లేదు’ అంది. కోపంగా కూడా అనలేదు.

మూడో సంచికకు సంపాదకత్వం నర్సుగారు తీసుకున్నారు. నేను పేజీలు అమర్చే పనికి మారాను. ఎర్ర గుర్తుల బోర్డు తీసేశాం. ఎవరికి ఎప్పుడు వీలవుతుందో వాళ్లనే అడిగి, దానికి ఇంకో రెండు వారాలు కలుపుకుని ప్రింటర్ తేదీ పెట్టుకున్నాం. అక్షరదోషాలు తప్ప ఏది మార్చినా రాసినవారికి చూపించాలి, వాళ్లు సరే అన్న కాపీయే అచ్చుకు వెళ్లాలి. పిల్లలు రాస్తే తల్లిదండ్రుల అనుమతి కావాలి, ఇంటిపేరు వేయకూడదు. డబ్బు లెక్కలు అందరూ చూసేలా ఒక షీట్‌లో పెట్టాం. రెండో సంచిక 120 కాపీలు వేయిస్తే ముందుగా డబ్బు కట్టినవి 74. మిగతా భారం ముగ్గురం పంచుకున్నాం. ఇప్పుడు కట్టినన్నే వేయిస్తున్నాం, పైన ఓ పది. విదేశాలకు పోస్టు చేయడం ఆపేశాం, పుస్తకం ఖరీదు కంటే పోస్టేజీ ఎక్కువైంది.

అప్పుడే నర్సుగారు నన్నూ ఒకటి రాయమన్నారు. మన దగ్గర 90ల్లో గేమ్‌బాయ్ చూసినవాళ్లు ఎంతమంది? మాకు తెలిసింది ఎగ్జిబిషన్‌లో కొన్న బ్రిక్ గేమ్. ‘9999 ఇన్ 1’ అని రాసి ఉండేది, ఆడితే లోపల ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, తక్కినవన్నీ వాటికే వేగమో లెవలో మార్చినవి. ఇది ఇక్కడి వాళ్లకు కొత్త సంగతి. తెర ఎలా పనిచేస్తుంది, ఎన్ని గడులు, ఎన్ని బ్యాటరీలు అని చక్కగా రాసిచ్చాను. ఆవిడ ఒక్క వాక్యం ముట్టుకోలేదు. మార్జిన్‌లో ఏడు ప్రశ్నలు రాసి పంపారు. ఐదోది: ‘ఇంట్లో గేమ్ ఒకటే అన్నారు, తమ్ముడున్నాడన్నారు. ముందు ఎవరు ఆడేవారు?’

ఆ రాత్రి గుంటూరులో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. ‘నువ్వేరా అన్నయ్యా, చీకటి పడేదాకా ఇచ్చేవాడివి కాదు. ఆ తెరకి లైటుండేది కాదు, నాకేం కనపడేది?’ అన్నాడు. ముప్పై ఏళ్ల కిందటి సంగతి, నాకు గుర్తే లేదు. వ్యాసం అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టాను. పోస్టల్ పెద్దాయన అది చదివి, ఆయన ఇద్దరు కొడుకుల గొడవ గురించి నాలుగో సంచికకు రెండు పేజీలు రాసిచ్చారు, ఎవరూ అడక్కుండానే.

ఆ నాలుగో సంచికే ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఉంది. 28 పేజీలు అనుకున్నాం, 27 నిండాయి. ఆ అమ్మాయి ఈ ఆగస్టులో ఆస్టిన్‌లో కాలేజీలో చేరింది. వెళ్లే ముందు మీటింగ్‌కొచ్చి, వ్యాసమైతే రాయను గానీ వెనకట్ట లోపలికి ఒక పిక్సెల్ బొమ్మ వేసిస్తానేమో చూస్తానంది. ఎలాంటి బొమ్మ, ఎంత సైజు అని నేను అడగలేదు. 160 చుక్కలు వెడల్పు, 144 ఎత్తు ఉంటే ఆరు రెట్లకు బాగా వస్తుందని మాత్రం నర్సుగారి చేత చెప్పించాను. ఈ శనివారం ఫైల్ ప్రింటర్‌కి పంపాలి. ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.