రెండు రూపాయల వడ్డీ: ఏటి లెక్క

గ్రామములలో వడ్డీని చెప్పు వాడుక యొకటి కలదు. "రెండు రూపాయలకు తెచ్చినాను" అందురు. "రూపాయిన్నరకు దొరకినది" అందురు. రెండు రూపాయలనగా నూటికి నెలకు రెండు. మన సంఘము పంట ఋణమును గూర్చి చెప్పునపుడు నూటికి ఏడు అని చెప్పును. ఈ యేడు సంవత్సరమునకు. మేము ప్రదర్శన మడులు వేయించుటకై గ్రామములు తిరుగునపుడు ఒక రైతు మాతో, "సంఘంలో ఏడు రూపాయల వడ్డీ అట గదండీ, షావుకారు రెండు రూపాయలకే ఇస్తున్నాడు" అని నిజముగనే యన్నాడు. ఆయన తెలివితక్కువవాడు కాడు. ఎకరమునకు చెప్పిన ఎరువును సెంట్లకు పంచి నోటిలెక్కతో చెప్పగలవాడు. ధాన్యమును ఒకరు బస్తాలలోను వేరొకరు పుట్లలోను చెప్పినపుడు మనము ముందుగా రెంటిని ఒక్క కొలతకు తెచ్చుకొందుము. వడ్డీ విషయమున మాత్రము ఆ పని చేయము. షావుకారు చెప్పిన రెండును పండ్రెండుచే హెచ్చవేసినచో ఏటికి నూటికి 24 అగును. మూడు రూపాయల వడ్డీ 36. రూపాయిన్నర 18. ఈ యంకెలను సంఘము వారి 7 ప్రక్కన వ్రాసి చూచినగాని పోలిక కుదరదు.

అంతటితో లెక్క ముగియలేదు. ప్రామిసరీ నోటుకు మూడేండ్లలో కాలదోషము పట్టును గనుక, బాకీ తీరనియెడల ఆ గడువు లోపల నోటు తిరుగవ్రాయుట మన ప్రాంతమున ఆచారము. లక్ష రూపాయలకు రెండు రూపాయల వడ్డీ మూడేండ్లకు 72,000. క్రొత్త నోటు 1,72,000 రూపాయలకు పడును. ఇపుడు వడ్డీ లక్షకు కాదు, ఈ మొత్తమునకు. ఇంకొక మూడేండ్లు గడచునప్పటికి బాకీ 2,95,840 రూపాయలు. తెచ్చినది లక్షయే, ఆరేండ్లలో ఇంచుమించు మూడింతలైనది. నడుమ ఒక్క వాన తప్పినను, ఒక పెండ్లి తగిలినను ఆరు సంవత్సరములు గడచిపోవుట యెంత సులభమో రైతులకు మేము చెప్పనక్కరలేదు. నోటు తిరుగవ్రాయు దినమున చేతికి ఒక్క రూపాయియు రాదు. అందుచేతనే కాబోలు, ఆ దినమున పెద్ద యప్పు చేయుచున్నామని యెవరికిని తోచదు.

వడ్డీయను పేరు లేకుండ వచ్చు వడ్డీ మరియొకటి యున్నది. అంగడిలో పురుగు మందు రొక్కమునకు 1,000 రూపాయలు, పంట వచ్చినపుడు ఇచ్చెదమన్నచో 1,120 రూపాయలు అనుకొందము. అయిదు నెలలకు నూటికి 12. నెలకు రెండు రూపాయల నలువది పైసలు. ఏటికి దాదాపు 29. పైగా, పంటను ఆ వ్యాపారికే తోలవలెనను మాట కూడ ఉన్నయెడల, క్వింటాలునకు ఆయన తగ్గించిన ధరను సైతము ఈ ఖాతాలోనే వ్రాసికొనవలెను.

మోటారు సైకిలో, పంపుసెట్టో వాయిదాలపై కొనువారికి చెప్పు వడ్డీ ఇంకొక రకము. లక్ష రూపాయలకు ఏటికి నూటికి పది, రెండేండ్లకు 20,000, మొత్తము 1,20,000. నెలకు 5,000 వంతున 24 వాయిదాలు. వినుటకు సబబుగనే యున్నది. కాని మొదటి నెలలో 5,000 చెల్లించిన తరువాత మనయొద్ద పూర్తి లక్ష మిగిలి యుండదు. ప్రతి నెలయు అసలు తరుగుచుండగా, వడ్డీ మాత్రము తుదివరకు లక్షకే కట్టబడినది. నెలనెలకు మిగిలిన బాకీపై లెక్కించి చూచినచో అది నూటికి 18 పైచిల్లర. కావున వాయిదాల బేరము వచ్చినపుడు, వడ్డీ "మొదటి మొత్తముపైనా, తరుగుచున్న బాకీపైనా" అని అడుగవలెను. ఈ యొక్క ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పనివానివద్ద సంతకము చేయకుండుట మేలు.

ఇక చీటీ. దీనిని అప్పనవలెనా, పొదుపనవలెనా? రెండును. ఎవరికేది యగునో చీటీ యెత్తిన నెలనుబట్టి యుండును. ఇరువదిమంది సభ్యులు, నెలకు 5,000, లక్ష రూపాయల చీటీని తీసికొందము. మొదటి నెల పాటలో ఒకరు 30,000 వదలుకొని 70,000 ఎత్తుకొన్నారనుడు. ఆ వదలినదానిలో నడుపువానికి 5,000 పోగా మిగిలిన 25,000 ఇరువదిమందికిని తలకు 1,250 వంతున వచ్చును. నెలలు గడచినకొలది పాటలో వదలుకొను మొత్తము సమముగా తగ్గుచు వచ్చి, తుది నెలలో నడుపువాని 5,000 మాత్రమే మిగులునని పెట్టుకొందము. అపుడు ప్రతి సభ్యుడు మొత్తముమీద చెల్లించునది 87,500 రూపాయలు.

మొదట ఎత్తినవారు 70,000 పుచ్చుకొని 87,500 చెల్లింతురు. పైకి చూడగా 17,500 భారము. నూటికి పాతిక, అదియు పందొమ్మిది నెలలకు. నెలకు రూపాయి ముప్పది పైసలేగదా యనిపించును. కాని వారు కూడ నెలనెలకు తీర్చుచునే యున్నారు. మిగిలిన బాకీపై మేము వేసి చూచిన లెక్కలో నెలకు నూటికి రెండు రూపాయల ముప్పదియైదు పైసలు పడినది, అనగా ఏటికి 28. ఇది షావుకారు రెండు రూపాయల వడ్డీకంటె ఎక్కువ. తుది నెలలో ఎత్తినవారు 87,500 చెల్లించి 95,000 పొందుదురు; వారికి ముట్టునది నెలకు సుమారు తొంబది పైసలు, ఏటికి దాదాపు 11. ఈ పదకొండును, ఇరువదిమందియు చివరివరకు కట్టినపుడే సుమా. ముందుగా ఎత్తుకొన్నవారిలో ఇద్దరు చేతులెత్తివేసినచో ఆ నష్టము తుదివరకు ఓర్చుకొని కూర్చున్నవారిమీదనే పడును.

చీటీలు మానుడని మేమనము. ఎందరో ఆడపిల్లల చదువులు చీటీ డబ్బుతో సాగినవి. అయితే 1982 సంవత్సరపు చిట్ ఫండ్ల చట్టము ప్రకారము చీటీ ప్రారంభించుటకు ముందు ప్రభుత్వపు అనుమతి పొంది, చిట్ల రిజిస్ట్రారువద్ద నమోదు చేయవలెను. నడుపువాడు జామీను ఉంచవలెను. అతని కమీషను నూటికి 5కు మించరాదని ఉండగా 2019లో ఆ హద్దును 7కు పెంచిరి. ఊరి అరుగుమీద నడచు చీటీలకు ఈ జామీనేదియు ఉండదు. అక్కడ ఉన్నది ఒక్క మనిషిపై నమ్మకము. ఆ మనిషి మంచివాడే కావచ్చును, కాని అతని ఆరోగ్యమునకు, అతని యప్పులకు పూచీ యెవరు?

ఇపుడు మమ్ము తరచుగా అడుగు ప్రశ్నకు వత్తము. పంట అమ్మగా ఖర్చులు పోను 50,000 మిగిలినది, దీనిని ఎక్కడ పెట్టవలెను? మేము ముందుగా అడుగునది, మీకు బయట అప్పేమైన ఉన్నదా యని. రెండు రూపాయల వడ్డీకి బాకీ యుండగా ఆ 50,000 తెచ్చి నూటికి ఏడు వచ్చుచోట దాచినచో ఏటికి 3,500 వచ్చును, 12,000 పోవును. మిగులు 8,500 నష్టము. అదే డబ్బుతో బాకీ తీర్చినచో ఏటికి 24 వంతున నిశ్చయముగా గిట్టినట్లే. అంత రాబడిని పూచీతో ఇచ్చు బ్యాంకు గాని, కంపెనీ గాని యెక్కడను లేదు. బాకీలు పెక్కున్నచో ఏటి లెక్కలో అన్నిటికంటె హెచ్చు వడ్డీ గలదానిని మొదట తీర్చవలెను. చిన్న బాకీ తీరినచో మనసునకు తేలికయని దానిని ముందు తీర్చుట పలువురు చేయుపని, కాని లాభమైనది కాదు.

సంఘపు ఋణమును గూర్చి ఒక మాట. మూడు లక్షల వరకు పంట ఋణమునకు వడ్డీ ఏడు. గడువు లోపల చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వపు రాయితీ మూడు పోను నాలుగే పడును. లక్షకు ఇది ఏటికి 3,000 రూపాయల మాట. ఈ రాయితీ జారిపోకుండుటకై గడువు దినమున బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టి, క్రొత్త ఋణము రాగానే తీర్చివేయువారు కలరు. పది దినములలో క్రొత్త ఋణము చేతికి వచ్చినచో లక్షకు 1,000 పోయి 3,000 మిగులును, బేరము గిట్టినది. నెల దినములు పట్టినచో తెచ్చిన మూడు వేలును షావుకారుకే పోయినవి. అంతకు మించినచో నష్టము. కాబట్టి బదులు తెచ్చుటకు ముందే, క్రొత్త ఋణము ఎన్ని దినములలో మంజూరగునో కార్యదర్శిగారిని అడిగి తెలిసికొనుడు. పంట అమ్మిన దినముననే ఋణపు సొమ్మును వేరు తీసి ఉంచినవారికి ఈ చిక్కే లేదు.

బాకీలు లేనివారు ముందుగా ఒక పంట పెట్టుబడికి సరిపడు మొత్తమును ఎప్పుడు కావలసిన అప్పుడు తీయగలచోట ఉంచుకొనవలెను. తక్కినది గడువు డిపాజిట్టులోనో, తపాలాఫీసు పత్రములలోనో పెట్టవచ్చును. ఎన్నేండ్లకు రెట్టింపగునో తెలియుటకు సులువైన ఉపాయము కలదు: 72ను ఏటి వడ్డీచే భాగింపుడు. 2023 ఏప్రిలున కిసాన్ వికాస్ పత్రములకు వడ్డీ 7.5గా నిర్ణయింపబడినపుడు గడువు 115 నెలలని ప్రకటించిరి. 72ను 7.5చే భాగించినచో 9.6 ఏండ్లు, అనగా 115 నెలలే. ఇదే ఉపాయముతో, మూడేండ్లలో రెట్టింపు చేసెదమని చెప్పువాడు ఏటికి 24 ఇచ్చెదనని చెప్పుచున్నాడని తెలియును. ఆ సొమ్ము ఏ వ్యాపారమునుండి తెచ్చి ఇచ్చును? భూములు చూపి లక్షలమందివద్ద డిపాజిట్లు వసూలు చేసిన అగ్రిగోల్డు చెల్లింపులు నిలిచిపోయి, 2015 నాటికి ఆంధ్రదేశమున ఎన్ని యిండ్లలో ఏడ్పు పుట్టినదో చాలమందికి జ్ఞాపకముండును.

పట్టణమున చదువుకొన్న కుమారులు వాటాల బజారును గూర్చి, మ్యూచువల్ ఫండ్లను గూర్చి చెప్పుచున్నారు. దీర్ఘకాలము కదలింపనక్కరలేని సొమ్మునకు అది తగినదే. 2020 జనవరిలో 42,000 దాటిన సెన్సెక్సు సూచీ మార్చిలో 26,000 దిగువకు పడి, డిసెంబరు నాటికి 47,000 దాటినది. ఆగగలిగినవారు నష్టపడలేదు, అక్కర వచ్చి మార్చిలో అమ్ముకొన్నవారు నష్టపడిరి. జూనులో విత్తనములకు కావలసిన డబ్బు అక్కడ ఉండదగదు.

ఇక మన సంఘములోనే డిపాజిట్టు ఉంచువారు తెలిసికొనవలసిన సంగతి. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కొక్క ఖాతాదారునకు ఒక్కొక్క బ్యాంకులో అసలు వడ్డీ కలిపి అయిదు లక్షల వరకు బీమా యున్నది. 2020 ఫిబ్రవరికి ముందు ఇది ఒక లక్షయే. ఈ బీమా జిల్లా సహకార కేంద్ర బ్యాంకునకు వర్తించును. గ్రామ ప్రాథమిక సంఘమునకు వర్తింపదు. సంఘము వారి పత్రికలో ఈ మాట వ్రాయుట తగునా యని కొందరు అనుకొనవచ్చును. సభ్యులకు తెలియకుండ ఉంచుట అంతకంటె తగదు. మన సంఘములోని డిపాజిట్టునకు రక్ష, ఇచ్చిన ఋణములు తిరిగి వసూలగుటయే. కావున మహాజనసభలో ఆడిటు నివేదిక చదువునపుడు లేచిపోక, మూడు అంకెలు అడిగి వ్రాసికొనుడు: గడువు మీరిన బాకీ యెంత, అందులో మూడేండ్లు దాటినదెంత, డిపాజిట్లు మొత్తమెంత. పోయిన యేటి అంకెలను ఇంటివద్దనే వ్రాసి తెచ్చుకొన్నచో, సభలో కూర్చున్నచోటనే పోల్చి చూడవచ్చును.