ఈ గల్లీకి రెండో టేకు లేదు!

సినిమా వాళ్ళకి వీధి కావాలంటే ఏం చేస్తారు? కట్టేసుకుంటారు! 2003లో వచ్చిన ‘ఒక్కడు’ చూశారుగా? దర్శకుడు గుణశేఖర్ కోసం కళాదర్శకుడు అశోక్ ఏకంగా చార్మినార్‌నే సెట్టు వేసేశారు. హాల్లో కూర్చుని మనమంతా నిజం చార్మినారే అనుకున్నాం. పనయ్యాక సెట్టు పీకేస్తే ఎవరికీ బాధ వుండదు. కావాలంటే మళ్ళీ వేసుకోవచ్చు.

మరి నిజం గల్లీ పోతే?

ఈ ప్రశ్న బుర్రలో తిరుగుతుండగా మొన్నొక రోజు బల్కంపేటలో బయల్దేరాను. ఎల్లమ్మ తల్లికి ఓ దణ్ణం పెట్టుకుని అమీర్‌పేట చేరాను. పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు చిత్రం ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) తయారైన సారథి స్టూడియో వున్నది ఈ పేటలోనే. అక్కడ మెట్రో ఎక్కి, ఎం.జి.బి.ఎస్.లో రైలు మారి, ఒక్క స్టేషను దాటితే సుల్తాన్ బజార్!

చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని తిరిగిన బజారిది. గాజులు, జాకెట్టు గుడ్డలు, చీరలు... బేరం కుదిరేసరికి నా కాళ్ళు పీకేవి. ఇప్పుడూ బేరాలు అలాగే వున్నాయి. కానీ తలెత్తితే ఆకాశం బదులు కాంక్రీటు వంతెన కనిపిస్తోంది.

ఈ బజారు కథ సినిమాకి ఏమాత్రం తీసిపోదు. ఇందులో ప్రేమ వుంది, యుద్ధం వుంది, అవమానం వుంది, పంతం వుంది.

ముందు ప్రేమ. నిజాం దర్బారులో ఇంగ్లీషు రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్, హైదరాబాదు కులీన కుటుంబపు పిల్ల ఖైరున్నీసాని పెళ్ళాడాడు. ఆ కథ మీద విలియం డాల్రింపుల్ ‘వైట్ మొఘల్స్’ (2002) అని పెద్ద పుస్తకమే రాశారు. కోఠీలోని రెసిడెన్సీ భవనం ఆ కిర్క్‌పాట్రిక్ హయాంలో 1803లో మొదలైంది. దాని చుట్టూ షావుకార్లు, వర్తకులు చేరారు. అదే రెసిడెన్సీ బజారు. వూరు నిజాంది, కానీ ఈ బజారులో అధికారం ఇంగ్లీషు వాడిది!

తరువాత యుద్ధం. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమ మనుషులతో రెసిడెన్సీ మీద పడ్డారు. ఎదురుగా వున్న ఇళ్ళలో కాపు వేసి తుపాకులు పేల్చారు. దాడి విఫలమైంది. తుర్రేబాజ్‌ని 1859లో కాల్చి చంపారు. మౌల్వీని అండమాన్ పంపారు.

ఇక అవమానం, పంతం. నిజాం ఆంక్షలు ఈ బజారులో అంతగా సాగేవి కావు. ఆ సందు చూసుకునే మనవాళ్ళు 1901 సెప్టెంబరు 1న ఇక్కడే రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం తెరిచారు. 1921 నవంబరులో ఇక్కడికి దగ్గర్లోని వివేకవర్ధని థియేటర్లో ఓ సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. ఆ మంటలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది! 1933లో ఈ బజారు తిరిగి నిజాం చేతికి వచ్చింది, సుల్తాన్ బజార్‌గా నిలిచింది.

ఇంత కథ వున్న వీధి మీదుగా మెట్రో గీత గీశారు. వ్యాపారులు గగ్గోలు పెట్టారు, దుకాణాలు మూసి నిరసన తెలిపారు. 2014లో దారి మారుస్తారన్న మాట వచ్చింది. చివరికి పాత దారే ఖాయమైంది. దుకాణాల ముఖాలు కొన్ని తెగాయి, స్తంభాలు లేచాయి. 2020 ఫిబ్రవరి 7న రైలు నడిచింది.

మెట్రో తప్పంటే నా మాట నాకే తప్పు. నేనూ అందులోనే వచ్చానుగా! కానీ పక్కనే మరో దృశ్యం చూడండి. రెసిడెన్సీ భవనాన్ని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వారు 2002లో ప్రమాదంలో వున్న కట్టడాల జాబితాలో చేర్చారు. తరువాత మరమ్మతు జరిగింది. చాలాకాలం ఉమెన్స్ కాలేజీగా వున్న ఆ ఆవరణ ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. సంతోషమే! అయితే దొరగారి మేడని కాపాడాలని తోచిన మనకి, ఆ మేడ నీడన బతికిన గల్లీని కాపాడాలని ఎందుకు తోచలేదు?

ఎందుకంటే గల్లీకి స్తంభాలుండవు, సింహాల బొమ్మలుండవు. అందులో వుండేది మనుషులు. ఓ అరుగు, ఓ పాత బోర్డు, ఓ బాల్కనీ ఒక్కొక్కటే పోతుంటే ఎవరికీ పెద్దగా అనిపించదు. అన్నీ పోయాక తెలుస్తుంది, పోయింది వీధి అని.

మీరు చెయ్యగలిగింది వుంది. ఈ ఆదివారం మ్యాట్నీకి ముందు ఓ గంట అటు వెళ్ళండి. గాజులు బేరమాడండి. భాషా నిలయం ఎక్కడుందో వాకబు చెయ్యండి. మీ సెల్‌ఫోన్‌తో పాత బోర్డులు, పాత బాల్కనీలు ఫోటోలు తీసి దాచండి. దుకాణంలో పెద్దవాళ్ళుంటే వాళ్ళ తాతల సంగతులు అడగండి. వీధిని కాపాడమని అడగడానికి ముందు, అక్కడ ఏముందో మనకి తెలియాలి కదా!

సెట్టు కూలితే అశోక్ లాంటి వాళ్ళు మళ్ళీ కడతారు. సుల్తాన్ బజార్‌ని కట్టడానికి మాత్రం రెండు వందల ఏళ్ళు పట్టింది. అన్ని కాల్షీట్లు ఎవరిస్తారు, చెప్పండి?