తూర్పు తీరమున సముద్ర పరిశోధన

గోపాలపురము మొదలు యానాము మీదుగా చెన్నపట్టణము వఱకు మన కుటుంబములు పెక్కు ఒకే సముద్రపు టొడ్డున నివసించుచున్నవి. ఆ సముద్రమును శాస్త్రీయముగా పరిశీలించు పని విశాఖపట్టణమున ఎట్లు సాగినదో మన పిల్లల తల్లిదండ్రులు తెలిసికొనదగినది.

1952లో అమెరికా నుండి యూజీన్ లాఫాండ్ అను సముద్రశాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఆచార్యుడుగా వచ్చెను. భూగర్భశాస్త్రాచార్యులు సి. మహదేవన్‌గారు ఆ పరిశోధనకు అండగా నిలిచిరి. విశ్వవిద్యాలయమునకు విద్యార్థులు గలరు గాని ఓడలు లేవు. ఓడలు భారత నౌకాదళమునకు గలవు. నీటిలో ధ్వని పయనించు తీరు నీటి వేడిమిని బట్టి మారును గనుక, ఈ విజ్ఞానము నౌకాదళమునకును అవసరమే. ఇట్లు ఉభయుల అక్కఱ ఒక్కటై, ప్రభుత్వపు ఓడలపై విద్యార్థులు సముద్రము మీదికి పోయిరి.

బేతీథెర్మోగ్రాఫ్ అను సాధనమును తీగతో నీటిలోనికి దింపుదురు. అందలి చిన్న గాజుపలకపై ముల్లు గీచిన గీత, ఏ లోతున ఎంత వేడిమి గలదో తెలుపును. వేసవి ఆరంభమున నైరృతి గాలి తీరము వెంబడి వీచునపుడు ఒడ్డుచెంత నీరు చల్లబడుట వారు గమనించిరి. భూభ్రమణము వలన మన అర్ధగోళమున పైనీరు గాలిదిశకు కుడివైపునకు, అనగా ఇచట తీరమునకు దూరముగా, తొలగును. దాని చోటికి అడుగునుండి చల్లని నీరు పైకి వచ్చును. అందలి పోషకలవణములతో సూక్ష్మవృక్షములు పెరుగును; వానివలన చేపలు వృద్ధి పొందును. వర్షకాలము కడపట నదులు తెచ్చిన మంచినీరు ఉప్పునీటిపై తేలి, అడుగు చల్లదనమును పైకి రానీయదు. తుపానులకు బలమిచ్చు వేడిమి అట్లు పైపొరలో నిలుచును.

1963లో అంతర్జాతీయ హిందూమహాసముద్ర పరిశోధనలో ఈ తీరమున కనుగొన్న సముద్రగర్భ లోయలకు ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అను పేర్లు పెట్టిరి. 1999లో హైదరాబాదున భారత ప్రభుత్వము స్థాపించిన సముద్ర సమాచార కేంద్రము, ఉపగ్రహములు తెలిపిన నీటి వేడిమిని, రంగును బట్టి చేపలు దొరకు చోట్లను ప్రాంతీయ భాషలలో జాలరులకు తెలియజేయుచున్నది.

ఆ సూచన తెలుగున వచ్చినను, చదివి అర్థము చెప్పువారు ఇంట లేనిచో నిష్ఫలము. వేడిమి, లోతు, ఉప్పదనము అను మాటలను మాతృభాషలో నేర్చిన పిల్లవాడు తండ్రికి దానిని విడమఱచి చెప్పగలడు. పై చదువులకు పోయి అట్టి ఓడపై నిలువనూ గలడు. రెంటికిని పునాది పాఠశాలయే.