పదకొండా? పెంగ్విన్నా?

పెద్దపల్లిలో విండోస్ కొన్నవాళ్లు అరుదు. వేయించుకున్నవాళ్లే అందరూ. సిస్టమ్ మొరాయిస్తే సీపీయూను బండి మీద ముందర పెట్టుకుని బస్టాండు దిక్కు షాపుకు పోవడం, "అన్నా, ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఎయ్యి" అనడం, పొద్దూకేసరికి నాలుగైదు వందలు చేతిలో పెట్టి ఇంటికి తెచ్చుకోవడం. లైసెన్సు ఊసు ఆ బేరంలో ఎక్కడా రాదు. అందుకే లైనక్స్ ప్రచారకులు వచ్చి "ఇది పూర్తిగా ఉచితం" అని చెబితే ఇక్కడ ఎవరి కళ్లూ మెరవవు. విండోస్ మాత్రం ఎవరు డబ్బులిచ్చి కొన్నారు కనుక!

ఇప్పుడు ఆ బేరానికి ఇబ్బంది వచ్చిపడింది. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు ఆపేసింది. 2015 జులై 29న వచ్చి పదేళ్లు దాటి నడిచిన ఓఎస్ అది. ఆగిందంటే మర్నాడు పొద్దున సిస్టమ్‌లు ఆన్ కాకుండా పోలేదు. మీసేవ తెరిచారు, జిరాక్సులు తీశారు, ఫ్లెక్సీలు కొట్టారు. ఏమీ కాలేదు కాబట్టి ఇక ఏమీ కాదనుకున్నారు. ఆగింది కంటికి కనిపించే పని కాదు. ఓఎస్‌లో కొత్తగా బయటపడే కంతలను పూడ్చే భద్రతా ప్యాచ్‌లు ఆగాయి. క్రోమ్ అప్‌డేట్ అవుతూనే ఉంది, డిఫెండర్‌కు వైరస్‌ల జాబితాలు 2028 దాకా వస్తూనే ఉంటాయి. దాంతో అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు చిక్కు అదే.

ప్యాచ్ లేకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు 2017లోనే తెలిసింది. 'వన్నాక్రై' అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న కంతను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే పూడ్చింది. దాడి మొదలైంది మే 12న. మధ్యలో రెండు నెలలు టైముంది. అయినా ప్రపంచమంతటా లక్షల కంప్యూటర్లు తాళం పడి కూర్చున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు శాఖ కంప్యూటర్లకూ ఆ సెగ తగిలింది. అప్పుడు ప్యాచ్ వచ్చినా వేసుకోనివాళ్లు నష్టపోయారు. విండోస్ 10ను ఇలాగే నడిపేవాళ్లకు వేసుకుందామన్నా ప్యాచ్ రాదు.

"మా షాపుల ఏముందని సార్, ఎవడొస్తడు?" అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. ఏముందో చూడాలంటే ఏదైనా జిరాక్స్ సెంటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవండి. మనం వాట్సాప్‌లో పంపిన ఆధార్ కార్డులు, పాసుపుస్తకాలు, పాన్ కార్డులు, ఆడపిల్లల పదో తరగతి మెమోలు, భూమి కాగితాలు. ప్రింటు తీశాక వాటిని తీసేసేవాళ్లు తక్కువ. 'న్యూ ఫోల్డర్ 3'లో ఒక మండలం జాతకం ఉంటుంది. ఆ సిస్టమ్ పాడైతే షాపాయనకు పోయేది ఒక రోజు గిరాకీ. మిగతాది మనది.

సరే, పదకొండుకు పోదామంటే తలుపు దగ్గరే ఆపేస్తుంది. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. సెక్యూర్ బూట్‌కు వీలుండాలి. ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం, అంటే 2017 చివర్లో వచ్చినవీ ఆ తర్వాతివీ కావాలి. ల్యాప్‌టాప్ మీద స్టిక్కర్ చెరిగిపోయి ఉంటే స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి ప్రాసెసర్ పేరు చూడండి. ఐ5 తర్వాత 8250 అనో 10210 అనో ఉంటే పనవుతుంది. 7200 అని ఉంటే అవదు. ఎస్‌ఎస్‌డి వేసి, ర్యామ్ ఎనిమిది జీబీకి పెంచి ఉరుకులు పెట్టించినా అవదు. బాగా నడుస్తున్న యంత్రాన్ని తీసి పారేయమనడం నాకైతే మింగుడుపడలేదు. మైక్రోసాఫ్ట్ భద్రత కోసమంటుంది, అందులో నిజం లేకపోలేదు. కొత్త ల్యాప్‌టాప్‌లు అమ్ముకునేవాళ్లకు అది కలిసివచ్చిందన్నదీ అబద్ధం కాదు.

షాపులో దీనికో అడ్డదారి ఉంది. పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడే ఆ తనిఖీలు తీసేసి పదకొండును ఎక్కించేస్తారు. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. కానీ అలాంటి సిస్టమ్‌లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఇవ్వబోమని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఏటా వచ్చే పెద్ద వెర్షన్ కోసం మళ్లీ షాపుకే. మరీ పాత కోర్ 2 డ్యుయో రకాల మీద 24హెచ్2 వెర్షన్ నుంచి అసలు బూటే కాదు. ఆ ప్రాసెసర్లలో లేని ఒక ఆదేశం దానికి తప్పనిసరి అయింది. ఇక క్రాక్ కొట్టిన విండోస్ సంగతి వేరే చెప్పాలా? ఆ క్రాక్ పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఇంటికి కన్నం వేసేవాడే కుక్కను కట్టేయమన్నట్టు!

లైసెన్సున్న విండోస్ 10 అయితే ఒక ఏడాది ఊపిరి ఉంది. ఇళ్లలో వాడుకునేవాళ్లకు 2026 అక్టోబరు 13 వరకూ భద్రతా ప్యాచ్‌లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సిస్టమ్ 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు. సంస్థలకు మాత్రం మొదటి ఏడాదికే ఒక్కో సిస్టమ్‌కు 61 డాలర్లు, తర్వాత ఏటేటా రెట్టింపు.

ఇక పెంగ్విన్ దారి, అంటే లైనక్స్. అది మనకు కొత్తదీ కాదు, దూరపుదీ కాదు. 1957 నుంచి 1977 వరకు మంథని నుంచి శాసనసభకు వెళ్లిన పి.వి.నరసింహారావు అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కోబాల్, బేసిక్ నేర్చుకున్నారనీ, యూనిక్స్ మీద కూడా కోడ్ రాశారనీ ఆయన జీవితచరిత్ర 'హాఫ్ లయన్'లో వినయ్ సీతాపతి రాశారు. ఆయన 1991 జూన్ 21న ప్రధాని అయ్యారు. రెండు నెలలు దాటగానే, ఆగస్టు 25న, హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థి యూనిక్స్ తరహాలో తానొక ఓఎస్ రాస్తున్నానని ప్రకటించాడు. అదే ఏడాది యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది, అందులో తెలుగుకు చోటు దక్కింది. మంథని పెద్దాయన చదివిన యూనిక్స్ పద్ధతే ఇప్పుడు సెంటినరీ కాలనీలోని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ పిల్లలు ల్యాబ్‌లో నేర్చుకుంటున్నారు.

వాడకంలోనూ ఉంది. ఈ-కోర్ట్స్ ప్రాజెక్టు కింద దేశంలోని జిల్లా కోర్టులు ఉబుంటు లైనక్స్‌తో నడుస్తున్నాయి. ఎల్‌ఐసీ ఏళ్ల కిందటే రెడ్ హ్యాట్ లైనక్స్‌కు మారింది. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు కంప్యూటర్ పాఠం నేర్చేది లైనక్స్ మీదే. అక్కడ ఓఎస్‌తో పాటు పాఠ్యపుస్తకం మార్చారు, టీచర్లకు శిక్షణ ఇచ్చారు, మలయాళం ఫాంట్లు సిద్ధం చేసుకున్నారు. మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో కనిపించే ఓఎస్ తయారు చేసి కాలేజీల్లో తిప్పింది. దాని వెనకాల సర్కారు బడి నిలబడలేదు.

కాబట్టి లైనక్స్ మంచిదా కాదా అనేది ప్రశ్నే కాదు. పెద్దపల్లిలో అడగాల్సింది ఒకటే: మీ సిస్టమ్‌కు ఏం తగిలించి ఉంది?

మీసేవ, సీఎస్సీ నడిపేవాళ్లకు డిజిటల్ సంతకం టోకెన్ ఉంటుంది. వేలిముద్ర మిషన్ ఉంటుంది. గోదావరిఖని విశ్రాంత కార్మికుడు లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలు పెట్టే జీవన్ ప్రమాణ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌కూ, ఆండ్రాయిడ్‌కూ తయారైనది. ఇలాంటి సెంటర్ లైనక్స్‌కు మారాలని చెప్పేవాడు దాన్ని మూయించడానికే చెబుతున్నట్టు. వాళ్లు పదకొండు నడిచే సిస్టమ్, లైసెన్సుతో సహా, కొనక తప్పదు. సుల్తానాబాద్ రైస్ మిల్లులో ట్యాలీ మీద వడ్ల లెక్కలు రాసే గుమాస్తాకూ ఇదే మాట. ట్యాలీ విండోస్ సరుకు.

ప్రింటర్ సంగతి తమాషాగా ఉంటుంది. హెచ్‌పీ వాటిలో చాలామటుకు లైనక్స్ వెంటనే గుర్తుపడుతుంది. కానీ మన జిరాక్స్ షాపుల్లో పాతుకుపోయిన కేనన్ ఎల్‌బీపీ 2900ను లైనక్స్ కింద పలికించడం నేర్పున్నవాళ్లకే చెమటలు పట్టిస్తుంది. తెల్ల డబ్బాలా మూలన కూర్చుని లక్షల పేజీలు దింపిన ప్రింటర్ అది. దాన్ని వదులుకోమని ఎవరికి చెప్పగలం?

వీటన్నిటికన్నా గట్టి ముడి ఇంకోటుంది. ఇరవై ఏళ్లుగా లగ్గం పత్రికలు, కరపత్రాలు, కలెక్టరేట్ ప్రజావాణికి ఇచ్చే దరఖాస్తులు టైపు చేస్తున్న ఓ డీటీపీ ఆపరేటర్‌ను కదిలిస్తే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "విండోస్ ఉన్నా లేకున్నా నాకు ఫరక్ పడది సార్. నాకు అను ఉండాలె."

అను ఫాంట్లు, పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా. తెలంగాణ బజార్లలో తెలుగు అచ్చంతా ఈ మూడు కాళ్ల మీదే నిలబడింది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ దాన్ని ఎప్పుడో వదిలేసింది, మనవాళ్లు వదల్లేదు. అనులో టైపు చేసిన 'క' కంప్యూటర్ లెక్కలో 'క' కాదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్లలో తెలుగు ముక్కలు బొమ్మలుగా కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు. వెతికితే దొరకదు, గూగుల్‌కు అర్థం కాదు, ఫోన్‌లో కనిపించదు. అందుకే దరఖాస్తును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుకుంటాం. విండోస్‌లో తెలుగు యూనికోడ్ 2001 నాటి ఎక్స్‌పీతోనే వచ్చింది, గౌతమి ఫాంటుతో సహా. పాతికేళ్లవుతున్నా డీటీపీ బల్ల దగ్గరికి చేరలేదు. మనల్ని విండోస్‌కు కట్టేసింది మైక్రోసాఫ్ట్ కన్నా అను అని నాకనిపిస్తుంది.

వదలకపోవడానికి కారణం బద్ధకం కాదు, వేళ్లు. ఆపరేటర్ చూపు తెర మీద ఉంటుంది, వేళ్లు అనులో వాడే యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్ లెక్కన వాటంతట అవే పరిగెడతాయి. నిమిషానికి ఇన్ని మాటలంటూ బతుకు దాని మీదే. కొత్త లేఅవుట్ నేర్చుకోమంటే కూలి పోయినట్టే. చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఆ యాపిల్ లేఅవుట్ లైనక్స్‌లో కూడా ఉంది. ఐబస్, ఎం17ఎన్ అనే ఇన్‌పుట్ పొందికలో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్ల పక్కనే యాపిల్‌ను ఎంచుకోవచ్చు. అవే వేళ్లు, అవే మీటలు. తెర మీద పడేది మాత్రం యూనికోడ్. ఫాంట్లకూ కరువు లేదు. పోతన2000, వేమన2000 ఎప్పటినుంచో ఉన్నాయి. సిలికానాంధ్ర విడుదల చేయించిన రామభద్ర, మండలి, గురజాడ వంటివి పత్రికల శీర్షికలకు దర్జాగా నప్పుతాయి. పేజీ కట్టడానికి స్క్రైబస్ ఉంది. 2024 జనవరిలో వచ్చిన 1.6 వెర్షన్‌లో తెలుగు వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటున్నాయి. పేజ్‌మేకర్ ఫైళ్లను కూడా తెరుస్తుంది, కానీ లోపలున్నది అను అక్షరాలే కాబట్టి ముందు వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక ఒకసారి చదివి దిద్దుకోవాలి. పెళ్లికూతురి పేరులో వత్తు జారితే కార్డులన్నీ మళ్లీ కొట్టాలి కదా!

స్క్రైబస్ కోరెల్‌డ్రాకు సాటి వస్తుందా? ఫ్లెక్సీ పనికి రాదు. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ కొంత పనికొస్తుంది. ఫ్లెక్సీ ప్రింటింగ్ యూనిట్లు ఇప్పట్లో కదలవు, కదలనక్కర్లేదు కూడా.

మరి ఎవరు కదలొచ్చు? ఇంట్లో ఏడో తరం ల్యాప్‌టాప్ మీద నెట్ చూసుకుంటూ, పాఠాల వీడియోలు, బ్యాంకు పనులు చేసుకుంటూ, ఎప్పుడన్నా ఓ ఉత్తరం టైపు చేసేవాళ్లు నిశ్చింతగా కదలొచ్చు. ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ పిల్లలైతే కదలాలి. రేపు ఉద్యోగంలో సర్వర్ తెరిస్తే వాళ్లకు ఎదురయ్యేది లైనక్సే. మొదటిసారి వాడేవాళ్లకు మింట్ అనే లైనక్స్ రకం తేలిక, స్టార్ట్ మెనూ విండోస్‌లో ఉన్నచోటే ఉంటుంది. మింట్ 22 రకాలకు 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. నాలుగు జీబీ ర్యామ్ ఉంటే సుఖంగా నడుస్తుంది. ఎక్కించేముందు పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూసుకోవచ్చు. వైఫై కలిసిందా, సౌండు వచ్చిందా, ప్రింటర్ కనపడిందా, తెలుగు పడిందా చూసుకుని, నచ్చకపోతే పీకేయడమే. లోపలి విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది. నచ్చి ఎక్కించేటట్టయితే ముందు ఫోటోలు, ఫైళ్లు వేరే డిస్కులోకి ఎత్తుకోండి. "ఎరేజ్ డిస్క్" అని అడిగినప్పుడు చదవకుండా ఓకే కొడితే ఆ తర్వాత ఏడ్చి లాభం లేదు.

డీటీపీ షాపుకు మాత్రం నడిమి దారే మేలు. పాత సిస్టమ్‌లో అను, పేజ్‌మేకర్ అలాగే ఉంచి దాని నెట్ కనెక్షన్ పీకేయాలి. వాట్సాప్, మెయిల్, గిరాకీల ఆధార్ కార్డులు ఇంకో సిస్టమ్‌లో, అది మింట్ అయినా సరే, పదకొండు అయినా సరే. తయారైన పీడీఎఫ్ ఇటు నుంచి అటు పెన్‌డ్రైవ్‌లో పోతుంది. కొత్తగా వచ్చే దరఖాస్తులు యూనికోడ్‌లో మొదలుపెడితే చాలు, పాతవాటి జోలికి ఒక్కసారే పోనక్కర్లేదు.

ఇదంతా విని ఆ ఆపరేటర్ తన లగ్గం పత్రికల ఫోల్డర్ తెరిచి చూపించాడు. ఫైళ్లు వందల్లో ఉన్నా, అసలు నమూనాలు నలభై యాభైకి మించవు. పేర్లు, ముహూర్తం మార్చుకుంటూ వాటినే తిప్పుతాడు. యాపిల్ లేఅవుట్ ఉందన్నాక ముఖంలో కొంచెం ఆసక్తి కనపడింది.

"ఇప్పుడైతే గిరాకీ మస్తుగ ఉన్నది సార్," అన్నాడు కౌంటర్ దగ్గర ఎదురుచూస్తున్నవాళ్ల వైపు చూస్తూ. "లగ్గాలు అయిపోనియ్యుండ్రి. ఆషాఢంల ఖాళీగనే ఉంట, అప్పుడు కూసుండి ఒక్కొక్కటి మారుద్దాం."