పీపాతో జపాను భేరి

మృదంగము శ్రుతి తప్పినచో విద్వాంసుడు దాని అంచును తట్టి మరల సరిచేసికొనును. డప్పు మెత్తబడినచో మంటచెంత కాచుదురు. తోలు బిగిసి మరల పలుకును. మేకులు కొట్టి మూసిన జపాను తైకోకు అట్టి సదుపాయము లేదు. తోలు బిగించిన నాడే దాని కంఠము నిర్ణయమగును. ఇంటిలో తైకోను చేయబూనువారు మొదట గ్రహింపవలసిన విషయమిది.

తైకో యనగా పెద్ద భేరి. ఆలయములలోను ఉత్సవములలోను మ్రోగు ‘నాగాదో’ రకమును జపాను పనివారు ఒకే దుంగను తొలిచి చేయుదురు. కెయాకి అను చెట్టు కలప దీనికి శ్రేష్ఠమని యెంతురు. తొలిచిన దుంగ పగుళ్లు వారకుండుటకై ఏండ్ల తరబడి నీడను ఆరవలెను. కావుననే దాని వెల హెచ్చు. 1951లో ఒగుచి దైహాచి పలు తైకోలను ఒక్క మేళముగా కూర్చెను. తరువాత ఆ పద్ధతి విదేశములకును వ్యాపించినది. 1969లో లాస్ ఏంజిలిస్‌లోని జపాను సంతతివారు ఒక బౌద్ధాలయమున ‘కిన్నర తైకో’ అను మేళమును నెలకొల్పిరి. ఆ పేరు మన కిన్నరులదే. దుంగ భేరులకు బదులుగా వారు ద్రాక్షసారాయి పీపాలకు తోలు మూసి వాయించిరి. క్రొత్తవారికి నేటికిని అదియే సులభమార్గము.

225 లీటర్లు పట్టు ఓక్ పీపా ఇందుకు చాలును. లోపల ద్రవమున్నంతకాలము పలకలు తడికి ఉబ్బి ఒకదానినొకటి ఒత్తుకొనియుండును. ఖాళీ పీపా ఎండినచో అవి కుదించుకొనును, ఇనుపకట్లు వదులగును. కావున మూతలు తీసివేసి, పలకలకు వరుస సంఖ్యలు వేసి విప్పి, అంచులు చిత్రికపట్టి, వడ్రంగపు జిగురుతో అంటించి, కట్లు మరల బిగించి ఆరనీయవలెను. పిమ్మట రెండు నోళ్ల అంచులను గరుకు కాగితముతో గుండ్రముగా నునుపు చేయవలెను. వాడి అంచు తోలును కోయును. ఎగుడుదిగుడు అంచు నాదమును చెరచును.

తోలు విషయమున తొందర కూడదు. పదును చేయని దళసరి పచ్చితోలును, నోటికంటె చుట్టును జానెడు ఎక్కువగా ఉండునట్లు కోసికొని, మెత్తబడువరకు చన్నీటిలో నానవేయవలెను. వేడినీరు తగిలినచో తోలు ముడుచుకొని చెడును. నానిన తోలు అంచున రంధ్రములు చేసి, గట్టి కర్రపుల్లలు దూర్చి, వానినుండి మోకులను పీపా క్రిందనున్న బలమైన చట్రమునకు కట్టవలెను. పీపాకును చట్రమునకును నడుమ మోటారు బండి జాకీలుంచి కొద్దికొద్దిగా ఎత్తినచో తోలు అన్నివైపుల సమముగా సాగును. జపాను పనివారు తోలుపై నిలిచి పాదములతో త్రొక్కియు సాగదీయుదురు. మోకు తెగినచో గాయమగును గనుక పిల్లలను దూరముగా ఉంచుడని మా మనవి.

తడి తోలుకు వెంటనే మేకులు కొట్టరాదు. తడితోలు బిగువు నమ్మదగినది కాదు. అది ఆరుచు, సాగుచు మారును. బిగించి, ఆరనిచ్చి, మరల బిగించి, ప్రతిసారి కర్రతో కొట్టి వినవలెను. మ్రోత మొద్దుగానున్నచో ఇంకను సాగదీయవలెను. స్పష్టముగా, నిండుగా పలికి నిలిచినచో ఆగవలెను. అతిగా లాగిన తోలు చినుగును. ఆ హద్దును తెలుపునది మన చెవియే.

చివరకు అంచుచుట్టును రెండు వరుసలుగా పెద్ద తల మేకులు కొట్టి, మోకులు విప్పి, మిగులు తోలును కోసివేసి, రెండవ నోటిని ఇట్లే మూయవలెను. అటుపిమ్మట తప్పు కనబడినచో మేకులన్నియు పెరికి పని మరల మొదలిడవలెను. కనుక మేకు కొట్టుటకు ముందు ఇంకొక దినము ఆగి మరియొకమారు వినుట మేలు.