వీడియో ఆట: విడుదల తరువాతి కథ

పుస్తకము అచ్చుపడినచో రచయిత కలము మూయవచ్చును. చలనచిత్రము విడుదలైనచో దర్శకుడు ఊపిరి పీల్చుకొనవచ్చును. కంప్యూటరుపై ఆడు వీడియో ఆట సంగతి అట్లు కాదు. విడుదలనాడే దాని అసలు పరీక్ష మొదలగును. హైదరాబాదులోని ఒక చిన్న సంస్థ చరిత్రనుండి ఈ విషయమును తెలిసికొందము.

ఆ సంస్థ పేరు ఓగర్ హెడ్ స్టూడియో. 2017లో అది ‘అసుర’ అను ఆటను విడుదల చేసినది. అందలి నాయకుడు సగము అసురుడు. మన పురాణగాథల ఛాయలుగల ఆ లోకమున ఆటగాడు మరణించెనా, మరల మొదటికి రావలెను. అయితే ఈసారి దారులు మారియుండును. నాయకుడు నేర్చు విద్యల వరుసయు మారును. కొద్దిమందితో నడచు సంస్థకు ఇది మంచి ఉపాయము. ప్రతి దారిని చేతితో గీయకయే ఆట ప్రతిసారి కొత్తగా తోచును.

కాని ఆట బాగుండుట ఒక్కటే చాలదు. ‘అసుర’ అమ్మకమునకు వచ్చిన స్టీమ్ అను అంతర్జాలపు అంగడిలో, 2017 జూన్ నుండి, 100 డాలర్ల రుసుము చెల్లించి ఎవరైనను తమ ఆటను పెట్టవచ్చును. తలుపు తెరచినకొలది గుంపు పెరిగినది. అమ్మకపు సొమ్ములో సామాన్యముగా నూటికి 30 వంతులు అంగడికే పోవును. కొన్నవారు 14 దినములలోపల, 2 గంటలు మించి ఆడకున్నచో, సొమ్ము తిరిగి కోరవచ్చును. కనుక చిన్న సంస్థకు ఆ తొలి రెండు గంటలే ప్రాణప్రదములు.

అందుచేత ఓగర్ హెడ్ వారు విడుదలతో చేతులు దులుపుకొనలేదు. అదే ఆటను పెంచి ‘వెంజియన్స్ ఎడిషన్’ అను పేర మరల అందించిరి. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారికి కష్టము ముందే ఎదురైనది. ‘రాజీ’ అను ఆటకై 2017లో ప్రజలనుండి ధనము కోరగా చాలినంత రాలేదు. అయినను విడువక, 2020 ఆగస్టులో నింటెండో స్విచ్‌పై, అక్టోబరులో తక్కిన యంత్రములపై దానిని వెలువరించిరి.

మేళ్లచెరువు శివరాత్రి జాతరలో ఎడ్ల పందెములు చూచినవారికి ఈ మర్మము సులభముగా బోధపడును. పందెము నిమిషములలో తేలును. జతను సాకుట ఏండ్ల పని. గెలిచినను, ఓడినను, మరునాడు మేత వేయక తప్పదు.

ఒక చిన్న సంస్థ విడుదలల పట్టికలో రెండు మూడు పేర్లే ఉన్నవని దానిని తేలికగా చూడరాదు. ఈ విద్యపై మక్కువగల మన యువకులకు మేము చెప్పదలచినది ఇదియే: తొలి ఆటను చిన్నదిగా తలపెట్టుడు, విడుదల పిమ్మట దానిని సాకుటకు కొంత ధనమును, కొంత ఓపికను ముందుగనే దాచియుంచుకొనుడు.