మట్టి లేదు సరే... మట్టి పని ఎవరు చేస్తారు?

పుదీనా కట్ట తెచ్చి ఆకులు తుంచుకున్నాక, మిగిలిన కాడల్ని గ్లాసు నీళ్లలో పెట్టడం చాలా ఇళ్లలో అలవాటే. వారం పదిరోజుల్లో తెల్లటి వేళ్లొస్తాయి, చిగుళ్లు కనిపిస్తాయి. ఇంకొన్ని వారాలు అలాగే వదిలేస్తే మాత్రం ఆకులు పాలిపోయి, చిన్నవైపోయి, కాడలు సన్నగా సాగిపోతాయి. నీళ్లున్నాయి, వెలుతురుంది. మరి ఏం తక్కువైనట్టు?

సరిగ్గా ఇదే ప్రశ్నకు జవాబు వెతికినాయన ఇంగ్లండుకు చెందిన జాన్ వుడ్‌వర్డ్. ఆయన పెంచిందీ పుదీనా జాతి మొక్కనే. వాన నీళ్లలో, నది నీళ్లలో, తోటమట్టి కలిపిన నీళ్లలో విడివిడిగా పెంచి తూకం వేసి చూశాడు. మట్టి కలిపిన నీళ్లలో మొక్క బాగా ఎదిగింది. మొక్కకు ఒట్టి నీళ్లు చాలవని 1699లోనే రాసిపెట్టాడు. 1860 దశకంలో జర్మన్ శాస్త్రవేత్తలు జూలియస్ శాక్స్, విల్‌హెల్మ్ నాప్ ఆ లోటు కొన్ని లవణాలదేనని తేల్చి, వాటిని నీళ్లలో కరిగించి మట్టి లేకుండానే మొక్కల్ని పెంచారు. 1930ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరికె నీళ్ల తొట్లలో పాతిక అడుగుల టమాటా తీగలు పెంచి అందరినీ ఆశ్చర్యపరిచాడు. ‘హైడ్రోపోనిక్స్’ అన్న పేరు 1937లో ఆయన ద్వారానే వాడుకలోకి వచ్చింది.

ఇప్పుడా పద్ధతి మన అపార్టుమెంటు బాల్కనీల దాకా వచ్చేసింది. ‘మట్టి అక్కర్లేదు, పురుగు రాదు, శ్రమ లేదు’ అంటూ కిట్లు అమ్ముతున్నారు. మొదటి మాట నిజం. మిగతా రెండూ సగం నిజాలే. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి ఏ అంతస్తుకైనా ఎక్కి వస్తాయి. ఇక శ్రమంటారా... ఇన్నాళ్లూ మట్టి చడీచప్పుడు లేకుండా చేసిపెట్టిన పనులన్నీ ఇకమీద మనమే చెయ్యాలి. వేళ్లకు గాలి అందించడం, తిండి నిల్వ ఉంచి కొద్దికొద్దిగా ఇవ్వడం, ఎండ వేడి తగలకుండా కాపాడటం, మనం ఎరువు ఎక్కువ వేసినా సర్దుకుపోవడం... ఇవన్నీ మట్టి పనులు. వీటిల్లో ఏది ఎలా చెయ్యాలో తెలిస్తే ఒక్క బకెట్‌తోనే పంట తీయొచ్చు. తెలియకపోతే వేలు పోసి కొన్న సెట్టు కూడా మూడు నెలల్లో అటక ఎక్కుతుంది.

ముందు మీ నీళ్ల సంగతి చూడండి

విత్తనాల కన్నా ముందు కొనాల్సింది చిన్న టీడీఎస్ మీటరు. నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని పీపీఎం ఉన్నాయో అది చెబుతుంది. ఆకుకూరలకు పోషకాలన్నీ కలిపాక ఆ అంకె సుమారు 600 నుంచి 900 మధ్య ఉంటే బాగుంటుంది. మీ బోరునీళ్లే 600 చూపిస్తుంటే ఇక తిండి కలపడానికి చోటేదీ? మీటరు లవణాలను లెక్కపెడుతుందే గానీ, అందులో మొక్కకు పనికొచ్చేదేదో పనికిరానిదేదో చెప్పలేదు.

తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన టీడీఎస్ హద్దు 500. వేరే దిక్కు లేనిచోట 2000 దాకా సరేనంటుంది. అంటే మనిషి తాగగలిగే నీళ్లన్నీ హైడ్రోపోనిక్స్‌కు పనికొస్తాయనుకోకూడదు. 200 లోపుంటే హాయి. అంతకు మించి 400 దాకా ఆకుకూరలతో నెట్టుకురావచ్చు. ఇంకా ఎక్కువుంటే వాన నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో సగానికి సగం కలుపుకోవాలి. ఆర్‌ఓ మెషీన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వాడొద్దు. వడపోతలో మిగిలిన ఉప్పంతా వాటిల్లోనే చిక్కబడి ఉంటుంది.

గీజర్‌లో, కుళాయి మూతిమీద తెల్లటి పొర కడుతోందంటే మీ నీళ్లలో సున్నం ఎక్కువున్నట్టే. అలాంటి నీళ్లకు పీహెచ్ పైకి పోయే గుణం ఉంటుంది. మొక్కకు కావాల్సింది 5.5 నుంచి 6.5. పీహెచ్ పెరిగితే నీళ్లలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. ఇంకాస్త ఎరువు వేస్తే అది తగ్గదు, పీహెచ్ దించితేనే తగ్గుతుంది. నిమ్మరసంతో దించినా, సూక్ష్మజీవులు దాన్ని తినేశాక మళ్లీ పెరుగుతుంది. హైడ్రోపోనిక్స్ కోసం అమ్మే ‘పీహెచ్ డౌన్’ ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా కలపడం మేలు. అది ఆమ్లం కాబట్టి చేతికి గ్లవ్స్ ఉండాలి, పిల్లలకు అందనిచోట పెట్టాలి.

మోటారు లేని బకెట్

మొదటిసారి చేసేవాళ్లకు పైపులూ పంపులూ అక్కర్లేదు. హవాయి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త బెర్నార్డ్ క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో కరెంటుతో పనే లేదు. తినే పదార్థాలు నిల్వచేసే 20 లీటర్ల మూత బకెట్ తీసుకోండి. పాత రంగు డబ్బాలు వద్దు. మూతకు నాలుగు రంధ్రాలు చేసి, ఒక్కోదాంట్లో జాలీ కప్పు కూర్చోబెట్టండి. కడిగిన కొబ్బరిపొట్టులో పెంచిన నారు మూడు నాలుగు ఆకులు వేశాక, ఆ కప్పుల్లోకి మార్చండి. పోషక ద్రావణం కప్పు అడుగును తాకేదాకా పోస్తే చాలు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మొక్క తాగేకొద్దీ నీటిమట్టం దిగుతుంది. మూతకూ నీళ్లకూ మధ్య గాలి చోటు ఏర్పడుతుంది. పైనున్న వేళ్లు ఆ గాలిని పీలుస్తాయి, కిందివి నీళ్లు తాగుతాయి. ‘అయ్యో, నీళ్లు తగ్గాయే’ అని మళ్లీ అంచుదాకా నింపారో, గాలి పీల్చే వేళ్లు మునిగి మొక్క ఉక్కిరిబిక్కిరవుతుంది. పోయాల్సి వస్తే సగం వరకే పోయండి. చల్లటి రోజుల్లో ఒక్కో లెట్యూస్ మొక్క కోతకొచ్చేలోగా దాదాపు 4 లీటర్లు తాగుతుంది. మన ఎండలకు ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

లెట్యూస్, పాలకూర, తోటకూర, పుదీనా ఈ బకెట్‌కు బాగా నప్పుతాయి. క్యారెట్, ముల్లంగి, బంగాళాదుంప లాంటివి వద్దు, వాటికి మట్టే మేలు. ఆకుకూరలకైనా రోజూ నాలుగైదు గంటల ఎండ తగలాలి. అంత వెలుతురు రాని బాల్కనీలో ఎన్ని పోషకాలు పోసినా సన్నటి కాడలే మిగులుతాయి.

రెండు సీసాల గుట్టు

హైడ్రోపోనిక్స్ పోషకాలు సాధారణంగా ‘ఎ’, ‘బి’ అని రెండు సీసాల్లో వస్తాయి. ఇది వ్యాపార చమత్కారమేం కాదు. ఒకదాంట్లో కాల్షియం ఉంటుంది, రెండోదాంట్లో సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు ఉంటాయి. చిక్కగా ఉన్నప్పుడు ఈ రెండూ కలిస్తే విరిగిన పాలలా తెల్లటి మడ్డి దిగుతుంది. ఇక అది మొక్కకు అందదు. అందుకే ముందు బకెట్ నిండా నీళ్లు పోసి, ‘ఎ’ వేసి బాగా కలిపి, ఆ తర్వాతే ‘బి’ వెయ్యాలి. మొదటిసారి లేత మొక్కలకు ప్యాకెట్ మీద రాసినదాంట్లో సగమే చాలు.

‘ఎరువుల షాపులో 19:19:19 చవగ్గా దొరుకుతుంది కదా’ అని చాలామంది అడుగుతారు. అందులో కాల్షియం ఉండదు. పైగా నత్రజనిలో ఎక్కువ భాగం యూరియా రూపంలో ఉంటుంది. పొలంలో అయితే మట్టిలోని సూక్ష్మజీవులు యూరియాను మొక్క తినే రూపంలోకి మార్చిపెడతాయి. మన బకెట్‌లో ఆ వంటవాళ్లు లేరు.

ఇంకో మాట. ‘రసాయనాలు లేని కూరగాయలు’ అని దీన్ని పిలవడం సరికాదు. వాడేవన్నీ ఖనిజ లవణాలే. మొక్క మట్టిలోంచి తీసుకునేవీ చివరికి అవే కాబట్టి భయపడాల్సిన పని లేదు. పురుగుమందులు కొట్టాలా వద్దా అన్నది మన చేతుల్లో ఉండటమే ఇక్కడ అసలు లాభం.

కరెంటు, వేడి, దోమ

పైపుల్లో పలచగా నీళ్లు పారించే సెట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వేళ్లకు గాలి బాగా అందుతుంది, చిన్న చోటులో చాలా మొక్కలు పడతాయి. కానీ ఆ పైపులో ఏ క్షణాన చూసినా ఉండేది సన్నటి నీటి పొరే. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి పంపు ఆగిందంటే కొన్ని గంటల్లోనే మొక్కలు తలలు వాలుస్తాయి. మీ వీధిలో కోతలుంటే ఇన్వర్టర్ సంగతి తేల్చుకున్నాకే అటువైపు వెళ్లండి. బకెట్‌కు ఈ బాధ లేదు.

రెండోది వేడి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఉండేది, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. అప్పుడే వేరుకుళ్లు పట్టుకుంటుంది. తెల్లటి వేళ్లు గోధుమరంగుకు తిరిగి జిగటగా, వాసన వేస్తుంటే అదేనన్నమాట. బకెట్‌లోకి వెలుతురు దూరితే నాచు పడుతుంది కాబట్టి లోపల చీకటిగా ఉండాలి, వేడెక్కకుండా బయట తెల్లగా ఉండాలి. ముందు నల్ల కవరు చుట్టి, దానిమీద తెల్ల గుడ్డ చుట్టినా చాలు. మొదటి బకెట్ అక్టోబరులో పెట్టడం మంచిది. ఏప్రిల్‌లో మొదలుపెట్టి నిరాశపడేవాళ్లే ఎక్కువ.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. డెంగీ తెచ్చే దోమ గుడ్లు పెట్టేది నిలవున్న మంచి నీళ్లలోనే. వేడి రోజుల్లో గుడ్డు దోమ కావడానికి ఎనిమిది పదిరోజులు చాలు. శుక్రవారం డ్రై డే అని కూలర్లు, పూలకుండీలు ఖాళీ చేసే మనం, బాల్కనీలో నెలల తరబడి నీళ్ల బకెట్ పెట్టుకుంటున్నామని మర్చిపోకూడదు. మూత బిగుతుగా ఉండాలి, ఖాళీ రంధ్రాలు మూసెయ్యాలి, గాలి పోయేచోట సన్నటి దోమతెర కట్టాలి.

టమాటా, స్ట్రాబెర్రీ... తర్వాతి మెట్టు

రెండు మూడు కోతలు ఆకుకూరలు తీశాక కాయలవైపు వెళ్లొచ్చు. టమాటా, మిర్చి, క్యాప్సికమ్, కీరాలకు కొబ్బరిపొట్టు నింపిన బకెట్లలో డ్రిప్‌తో ద్రావణం ఇచ్చే పద్ధతి నప్పుతుంది. కోనసీమలాంటి కొబ్బరి సీమలుండగా మనకు పొట్టుకు కరువు లేదు గానీ, అందులో ఉప్పు ఉంటుంది, బాగా కడగాలి. పూత దశలో తిండి ఎక్కువ కావాలి, నేలకన్నా తరచుగా చూసుకోవాలి. ఎత్తైన అంతస్తుల్లో తేనెటీగలు రాకపోతే టమాటా పూగుత్తుల్ని పొద్దున్నే వేలితో మెల్లగా తట్టాలి. రాత్రిళ్లు కూడా వేడిగా ఉంటే పూత రాలిపోతుంది, మందులతో ఆగదు.

స్ట్రాబెర్రీకి చలి కావాలి. లంబసింగిలో అది పండేది అక్కడి చల్లదనం వల్లే. మైదాన ప్రాంతాల్లో చలికాలం పంటగా నాలుగు మొక్కలు పెంచుకుని పిల్లల ముచ్చట తీర్చొచ్చు. బుట్టలు నిండుతాయని మాత్రం ఆశపడొద్దు.

ఇంతకీ లాభమా?

డబ్బు లెక్కేస్తే, రైతుబజారు తోటకూరతో మన బకెట్ పోటీపడలేదు. దిగుబడి విషయంలోనూ అద్భుతాలేం లేవు. పోషక ద్రావణాల మీద లోతుగా పనిచేసిన హోగ్లండ్, ఆర్నన్‌లు 1938లోనే ఆ మాట చెప్పారు. మంచి నేల, మంచి యాజమాన్యం ఉన్నచోట మట్టి పంట నీటి పంటకు తీసిపోదన్నది వాళ్ల పరిశీలన. కాబట్టి మిద్దె మీద చోటు, బరువు మోసే శ్లాబు, నాలుగు బస్తాల మట్టి ఉన్నవాళ్లకు మిద్దె తోటే తేలిక. అది మన పొరపాట్లను ఓర్చుకుంటుంది.

అద్దింట్లో ఉండి, మట్టి మోసుకొచ్చే వీల్లేక, రెండడుగుల బాల్కనీలో ఎండ మాత్రం ఉన్నవాళ్లకు హైడ్రోపోనిక్స్ మంచి దారి. నేలలోకి ఇంకిపోయే నీళ్లుండవు కాబట్టి నీరూ ఆదా. ఇల్లు మారితే తోట కూడా వెంట వస్తుంది. ఈ ఆదివారం కిట్ల ధరలు చూడ్డం కన్నా ముందు, ఓ గ్లాసు కుళాయి నీళ్లలో టీడీఎస్ మీటరు ముంచి చూడండి. అంకె అనుకూలంగా ఉంటే బకెట్ మూతకు నాలుగు రంధ్రాలు చెయ్యండి. నారు పోసిన రోజు నుంచి రెండు నెలల్లోపే పప్పులోకి సరిపడా పాలకూర మీ చేతికొస్తుంది.